ఖబర్, భరోసా, కవచ్: వికారాబాద్ - తాండూరు పట్టాల తారీఖ్



2022 మార్చి 4న మన వికారాబాద్ జిల్లాలో ఒకే పట్టా మీద రెండు రైలు ఇంజన్లను ఎదురెదురుగా తోలారు. గుల్లగూడ, చిట్గిద్ద స్టేషన్ల మధ్య జరిగింది ఇది. ఒక ఇంజన్‌లో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్, రెండో దాంట్లో అప్పటి రైల్వే బోర్డు చైర్మన్ వి.కె. త్రిపాఠీ ఉన్నారు. డ్రైవర్లు బ్రేకు మీద చెయ్యి వెయ్యలేదు. ఎదుటి ఇంజన్ ఇంకా 380 మీటర్ల దూరంలో ఉండగానే ఇంజన్ తనంతట తానే ఆగిపోయింది. ఎర్ర సిగ్నల్ దాటించాలని చూస్తే దాటలేదు. గేటు దగ్గరికి రాగానే విజిల్ దానికదే మోగింది. లూప్ లైన్‌లోకి తిరిగేటప్పుడు 60 కిలోమీటర్ల వేగం దానంతటదే 30కి దిగింది.

ఆ యంత్రాంగం పేరు కవచ్. ఉర్దూలో చెప్పాలంటే జిరహ్. ఖురాన్ చదివే ఇళ్లల్లో ఈ మాట కొత్తది కాదు. హజ్రత్ దావూద్ అలైహిస్సలాం కోసం అల్లాహ్ ఇనుమును మెత్తబరిచాడనీ, ప్రాణాలు కాపాడే జిరహ్ అల్లే హునర్ ఆయనకు నేర్పాడనీ మన పిల్లలు మక్తబ్‌లోనే వింటారు. ఈ కాలపు జిరహ్‌ను మాత్రం ఇనుప కడియాలతో అల్లలేదు. మాలూమాత్‌తో, అంటే డేటాతో అల్లారు. రైలు ఎక్కడుంది, ఎంత వేగంతో ఉంది, ముందున్న సిగ్నల్ ఏ రంగులో ఉంది అన్న ఖబర్లే దాని కడియాలు.

రైల్వే తారీఖ్ అనగానే ఇంజన్లు, వంతెనలు, నవాబుల సెలూన్ల గురించి రాస్తుంటారు. నాకు మాత్రం ఈ పట్టాల అసలు కహానీ ఖబర్‌ది అనిపిస్తుంది. రైలు ఎక్కడుందో ఎవరికి తెలుసు? ఆ తెలిసినవాడి మాట మీద ఎంత భరోసా పెట్టుకోవచ్చు? ఆ ఖబర్‌లో మనలాంటి మామూలు ముసాఫిర్ల లెక్క ఉందా? ఈ మూడు సవాళ్లతో వికారాబాద్, తాండూరు పట్టాలను నూట యాభై ఏళ్ల పొడుగునా చూద్దాం.

సర్కారీ ఖజానా, గోరోళ్ల జరూరత్

బొంబాయి నుంచి మద్రాసు పోయే పెద్ద లైను 1871 నాటికి రాయచూరు దగ్గర కలిసిపోయింది. ఆ లైను మన రియాసత్ పడమటి అంచున వాడి మీదుగా పోతుంది. హైదరాబాద్ మాత్రం దానికి దూరంగా ఉండిపోయింది. సికింద్రాబాద్‌లో అంగ్రేజుల పెద్ద ఛావనీ ఉంది. అక్కడికి ఫౌజు, సామాను త్వరగా చేరాలంటే వాడి నుంచి ఒక శాఖ కావాలి. జరూరత్ వాళ్లది, ఖర్చు మాత్రం రియాసత్‌ది. అప్పుడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ చిన్న పిల్లవాడు. హుకూమత్ నడిపింది దీవాన్ మొదటి సాలార్ జంగ్. 1874లో వాడి - సికింద్రాబాద్ లైను మొదలయ్యేనాటికి నిజాం వయసు ఎనిమిదేళ్లు.

సేడం దాటి కాగ్నా ఒడ్డున తాండూరు, తర్వాత రుక్మాపూర్, ధారూర్, గోధుమగూడ, అనంతగిరి కొండల పక్కన వికారాబాద్, ఆపైన శంకర్‌పల్లి, లింగంపల్లి. మన ఊళ్లు దునియాతో కలిసింది ఈ వరసలోనే. తాండూరు రాయి, తాండూరు కంది బండ్ల మీద నుంచి వాగన్లలోకి ఎక్కాయి. హజ్‌కు బయలుదేరే హాజీలు ఇదే లైన్లో వాడి దాకా పోయి, బొంబాయి బండి పట్టుకుని, అక్కడ ఓడ ఎక్కేవారు. వికారాబాద్ పేరు పైగా ఖాందాన్ అమీర్ వికారుల్ ఉమ్రాది అని చెబుతారు. ఫలక్‌నుమా కట్టించింది ఆయనే.

ఈ రైల్వే తారీఖ్‌లో మన బచ్చాలకు తప్పక చెప్పాల్సిన సాల్ 1883. హుకూమత్ ఈ లైనును లండన్ కంపెనీకి అప్పగించి, చాందా వైపు, బెజవాడ వైపు పొడిగించే సౌదా చేస్తోంది. కంపెనీ పెట్టుబడికి 20 ఏళ్ల పాటు నూటికి 5 వడ్డీ రియాసత్ ఖజానా గ్యారంటీ ఇవ్వాలి. లాభం వచ్చినా రాకపోయినా ఇవ్వాల్సిందే. హైదరాబాద్‌లో చదువుకున్న కొందరు లేచి, ఈ సౌదా వివరాలు అవాం ముందు పెట్టండి, పెట్టాకే దస్తఖత్ చెయ్యండి అన్నారు. వాళ్లలో ముందున్నవాళ్లు డాక్టర్ అఘోరనాథ్ చట్టోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం. అఘోరనాథ్ అంటే సరోజినీ నాయుడు తండ్రి. హుకూమత్ ఆయన్ని రియాసత్ నుంచి బయటికి పంపేసింది. సౌదా ఆగలేదు. 1889కి రైలు బెజవాడ చేరింది.

ఒక బెంగాలీ హిందూ ప్రొఫెసర్, ఒక దక్కనీ ముసల్మాన్ ఆలిమ్ భుజం భుజం కలిపి అడిగింది రైలు వద్దని కాదు, హిసాబ్ చూపించమని. నా నజర్లో మన నేలలో పబ్లిక్ డేటా కోసం జరిగిన తొలి పోరాటాల్లో అదొకటి. ఆ మాట అప్పటికి లేదు, అంతే. 1930 ఏప్రిల్ 1న నిజాం సర్కారే కంపెనీని కొనేసింది. రెండేళ్లకు, 1932లో, అదే రైల్వే శాఖ కింద 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలైంది. నేటి ఆర్టీసీకి అదే బునియాద్. వికారాబాద్ నుంచి బీదర్ వైపు లైను పడి, వికారాబాద్ జంక్షన్ అయ్యింది కూడా ఆ కాలంలోనే.

లైన్ క్లియర్

ఇప్పుడు అసలు మసలాకు వద్దాం. ఒకే పట్టా మీద రెండు దిక్కుల నుంచి రైళ్లు నడవాలి. తాండూరు నుంచి బయలుదేరే బండికి రుక్మాపూర్ నుంచి ఎదురొచ్చే బండి కనపడదు. మరి గుద్దుకోకుండా ఎట్లా?

మొదట ఉన్న ఇలాజ్ తార్. ఈ స్టేషన్ మాస్టర్ ఆ స్టేషన్ మాస్టర్‌ను తంతి మీద అడుగుతాడు, లైన్ ఖాళీగా ఉందా అని. అవతలివాడు ఉందంటే రిజిస్టర్‌లో టైము రాసుకుని, డ్రైవర్ చేతిలో కాగితం పెడతాడు. దాని పేరే లైన్ క్లియర్. ఆ మాట మన బోల్‌చాల్‌లో ఎంత కలిసిపోయిందంటే, రిష్తా కుదిరినా, బ్యాంకు లోన్ మంజూరైనా లైన్ క్లియర్ అయ్యిందనే అంటాం. పట్టాల మీద మాత్రం ఆ రెండు మాటల మీద వందల జానాలు ఆధారపడి ఉండేవి.

కాగితంలో ఒక ఖత్రా ఉంది. మనిషి మరిచిపోవచ్చు. నిద్రమత్తులో ఒక బండికి ఇచ్చిన లైన్ క్లియర్ ఇంకో బండికీ ఇవ్వచ్చు. అందుకే తర్వాత టోకెన్ మెషీన్లు వచ్చాయి. రెండు స్టేషన్లలో రెండు మెషీన్లు, మధ్యలో కరెంటు తీగ. ఒక మెషీన్ నుంచి ఒక లోహపు గోళీ బయటికి వస్తే, దాన్ని అవతలి మెషీన్‌లో గానీ తిరిగి ఇవతలి దాంట్లో గానీ వేసేదాకా రెండో గోళీ బయటికి రాదు. డ్రైవర్ దగ్గర గోళీ ఉందంటే ఆ సెక్షన్ మొత్తం ఆ బండిదే. తోలు సంచిలో గోళీ, సంచికి పెద్ద కడియం. ప్లాట్‌ఫాం చివర నిలబడి రైల్వే మనిషి దాన్ని ఎత్తి పట్టుకుంటే, ఆగని బండి మీద నుంచి ఇంజన్ మనిషి చెయ్యి చాపి దూర్చుకుని తీసుకునేవాడు. సింగిల్ లైన్ రోజులు చూసిన బుజుర్గ్‌లు ఏ ఊళ్లో ఉన్నా ఆ నజారా చెప్పగలరు.

ఆ గోళీని నేను మామూలు వస్తువుగా చూడలేను. అది ఖబర్‌కు ఒక ఆకారం. మనిషి జ్ఞాపకం మీద ఉన్న భరోసాను కొంత తీసి లోహంలో పెట్టారు. ఆ తర్వాత నూరేళ్లలో వచ్చిన ప్రతి మెషీన్ చేసింది అదే పని. జ్ఞాపకం నుంచి గోళీలోకి, గోళీ నుంచి కరెంటు రిలేలోకి, రిలే నుంచి కంప్యూటర్‌లోకి భరోసా చేతులు మారుతూ వచ్చింది.

రిజిస్టర్ నుంచి కంప్యూటర్‌కి

రైలు ఖబర్ ఒకటి, ముసాఫిర్ ఖబర్ ఇంకొకటి. సీటు ఎవరిది అన్న హిసాబ్ చాలా కాలం బొంత పుస్తకాల్లో ఉండేది. ఏ బండి రిజిస్టర్ ఆ కౌంటర్‌లోనే. క్యూలో గంటసేపు నిలబడ్డాక, ఈ బండి పక్క కిటికీ అనేవారు. తిరుగు ప్రయాణం సీటు కావాలంటే అవతలి స్టేషన్‌కు తార్ కొట్టి జవాబు కోసం ఇంతెజార్ చెయ్యాలి. పెళ్లి బృందంతో అజ్మేర్ షరీఫ్ పోవాలన్నా, గుల్బర్గా ఉర్సు చూసుకుని బొంబాయి పోవాలన్నా ఇంట్లో ఒక మనిషి పని మానుకుని స్టేషన్‌కు తిరగాల్సిందే.

1985-86లో న్యూఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. రైల్వే సొంత సాఫ్ట్‌వేర్ సంస్థ క్రిస్ 1986లో పుట్టింది. అయితే ఢిల్లీ కంప్యూటర్‌కు సికింద్రాబాద్ హిసాబ్ తెలీదు, సికింద్రాబాద్‌కు బొంబాయిది తెలీదు. ఈ దీవుల్ని కలిపే కొత్త సాఫ్ట్‌వేర్ పేరు కాన్సర్ట్. అది మొదట నడిచింది మన సికింద్రాబాద్‌లోనే, 1994లో. 1999 ఏప్రిల్ నాటికి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ అయిదూ ఒక్కటయ్యాయి. 2002 ఆగస్టులో ఇంటర్నెట్ టికెట్ వచ్చింది. ఇవాళ తాండూరులో కూర్చుని ఎక్కడి నుంచి ఎక్కడికైనా టికెట్ తీసుకుంటున్నామంటే దాని వెనక ఈ కలయిక ఉంది.

బండి ఎక్కడుందో తెలుసుకోవడం కూడా అట్లాగే మారింది. ఒకప్పుడు స్టేషన్ స్టేషన్‌కూ టైము చెబితే కంట్రోల్ రూములో పెన్సిల్‌తో చార్టు మీద గీత గీసేవారు. ఇప్పుడు ఇస్రో సాయంతో ఇంజన్ల మీద పెట్టిన పరికరాలు ప్రతి 30 సెకన్లకు ఒకసారి బండి జాడ ఉపగ్రహం ద్వారా పంపుతున్నాయి. అమ్మీ ఇంట్లో దస్తర్ఖాన్ ఎప్పుడు పరవాలో ఫోను చూసి చెప్పే జమానా వచ్చింది.

కవచ్ ఎట్లా పని చేస్తుంది

ఇన్ని మారినా ఒక్క చోట మాత్రం చాలా కాలం మనిషి ఒంటరిగానే మిగిలాడు. ఎర్ర సిగ్నల్ చూసి బ్రేకు వెయ్యాల్సిన లోకో పైలట్ అతను. వాన, పొగమంచు, నిద్ర లేని రాత్రి, ఒక్క రెప్పపాటు గఫ్లత్. అతనికి తోడు ఎవరూ లేరు. 2019 నవంబరు 11న కాచిగూడలో ఎంఎంటీఎస్, హంద్రీ ఎక్స్‌ప్రెస్ ఎదురెదురుగా ఢీకొన్నాయి. నుజ్జయిన కేబిన్‌లో ఇరుక్కున్న ఎంఎంటీఎస్ లోకో పైలట్‌ను గంటల తరబడి కష్టపడి బయటికి తీశారు. తర్వాత ఆయన ఆస్పత్రిలో ఇంతెఖాల్ అయ్యారు. ఇలాంటి హాద్సా జరిగిన ప్రతిసారీ కసూర్ ఎవరిది అని అడుగుతాం. అతనికి తోడుగా ఇంకో కన్ను ఎందుకు లేదు అని అడిగేది తక్కువ.

ఆ రెండో కన్ను కోసం రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌వో పని మొదలుపెట్టింది. 2012 అక్టోబరులో తొలి ట్రయల్స్ జరిగింది మన వికారాబాద్ - వాడి లైను మీదే. 2016 ఫిబ్రవరిలో ముసాఫిర్లున్న బండ్ల మీద ట్రయల్స్ మొదలయ్యాయి. అవి కూడా లింగంపల్లి - వికారాబాద్ - వాడి, వికారాబాద్ - బీదర్ లైన్ల మీద, దాదాపు 250 కిలోమీటర్లలో. అంటే దేశం మొత్తానికి ఈ జిరహ్ సరిపోతుందా లేదా అని తొడిగి చూసింది మన ఊళ్ల బండ్లకే. 2020 జులైలో దాన్ని జాతీయ వ్యవస్థగా ఖబూల్ చేశారు. తయారు చెయ్యడానికి ముందుగా మంజూరీ పొందిన మూడు కంపెనీలు మేధా సర్వో, హెచ్‌బీఎల్, కెర్నెక్స్. మూడూ హైదరాబాద్‌వే. సిగ్నల్ ఇంజనీర్లకు తాలీమ్ ఇచ్చే రైల్వే సంస్థ ఇరిసెట్ కూడా 1957 నుంచి సికింద్రాబాద్‌లోనే ఉంది.

పని తీరు ఇట్లా ఉంటుంది. పట్టాల మధ్య స్లీపర్ల మీద చిన్న ట్యాగులు బిగిస్తారు. దాదాపు కిలోమీటరుకు ఒకటి, సిగ్నళ్ల దగ్గర ఇంకొన్ని. మన కార్ల అద్దం మీద ఫాస్టాగ్ ఉంటుంది చూడండి, అదే జాతి. టోల్ గేటు దగ్గర బండికి ట్యాగు, గేటుకు రీడరు. ఇక్కడ ఉల్టా, నేలకు ట్యాగు, ఇంజన్ కడుపు కింద రీడరు. ఇంజన్ దాటిన ప్రతిసారీ ట్యాగు తన నంబరు చెబుతుంది. దాంతో ఇంజన్‌కు తాను ఏ లైను మీద, ఏ చోట ఉన్నానో తెలుస్తుంది. ఒక ట్యాగుకూ ఇంకో ట్యాగుకూ మధ్య చక్రాలు ఎంత తిరిగాయో లెక్కపెట్టి దూరం కట్టుకుంటుంది.

ఇది సగం ఖబర్. మిగతా సగం స్టేషన్ నుంచి వస్తుంది. స్టేషన్‌లో ఉండే కవచ్ కంప్యూటర్ సిగ్నళ్ల స్థితినీ, పాయింట్లు ఎటు ఉన్నాయో దాన్నీ చదువుకుని, టవర్ మీది రేడియో ద్వారా ఇంజన్‌కు చెబుతుంది, ఇక్కడిదాకా నీకు ఇజాజత్ ఉంది, దాటొద్దు అని. ఇది పాత లైన్ క్లియరే. తేడా అల్లా సెకన్ల లెక్కన కొత్తగా అందుతూ ఉంటుంది. ఇంజన్ కంప్యూటర్ తన వేగాన్నీ, మిగిలిన దూరాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తుంది. వేగం ఎక్కువనిపిస్తే ముందు లోకో పైలట్‌ను హెచ్చరిస్తుంది. అతను కదలకపోతే తానే బ్రేకు వేస్తుంది. రెండు బండ్లు ఒకే పట్టా మీద దగ్గరైతే ఆపుతుంది. ఆపద వస్తే చుట్టుపక్కల బండ్లకు ఎస్‌వోఎస్ పంపుతుంది.

ఒంటెను కట్టేసి తవక్కుల్ చెయ్యాలన్న నబీ సల్లల్లాహు అలైహి వసల్లం తాలీమ్ మనందరికీ తెలుసు. రైల్వేలో ఒంటెను కట్టడమంటే ఇదే.

జిరహ్‌కు తెలియనివి

అయితే మెషీన్‌కు సజ్దా చెయ్యాల్సిన పని లేదు. దాని హద్దులు కూడా చెప్పుకోవాలి.

మొదటి హద్దు, కవచ్ ఉన్న చోటే కవచ్. పట్టాకూ ఉండాలి, ఇంజన్‌కూ ఉండాలి. ఒకదానికే ఉంటే ఫాయిదా లేదు. 2024 నాటి ప్రభుత్వ లెక్క ప్రకారం దక్షిణ మధ్య రైల్వేలో 1465 కిలోమీటర్లు, 144 ఇంజన్లు. దేశంలో ఉన్న రైలు మార్గం 68 వేల కిలోమీటర్లకు పైనే. 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర పలాస ప్యాసింజర్‌ను వెనక నుంచి రాయగడ ప్యాసింజర్ గుద్దింది. ఆ పట్టా మీద కవచ్ లేదు. మన వికారాబాద్‌లో దాని ట్రయల్ మొదలై అప్పటికి పదకొండేళ్లు. 2024 జులైలో కొత్త రూపం 4.0 మంజూరైంది, 2025 జులైలో మథుర - కోట మధ్య అమల్లోకి వచ్చింది. పని నడుస్తోంది, కానీ జానాల విషయంలో ఆలస్యానికి కూడా హిసాబ్ ఉంటుంది.

రెండో హద్దు ఇంకా లోతైనది. మెషీన్‌కు మనం ఏది చెబితే అదే సచ్. 2023 జూన్ 2న ఒడిశాలో బాలాసోర్ దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైన్ సిగ్నల్ పచ్చగా ఉంది. పాయింటు మాత్రం గూడ్సు బండి నిలబడి ఉన్న లూప్ లైన్‌కు తిరిగి ఉంది. సిగ్నల్ తీగల పనిలో జరిగిన గల్తీ వల్ల పట్టా ఒకటి చెప్పింది, సిగ్నల్ ఇంకొకటి చెప్పింది. లోకో పైలట్ సిగ్నల్‌ను నమ్మాడు. కవచ్ ఉన్నా అది కూడా ఆ సిగ్నల్ ఖబర్‌నే నమ్మేది. దాదాపు మూడు వందల మంది చనిపోయారు.

అట్లాగే 2005 అక్టోబరు 29న నల్గొండ జిల్లా వలిగొండ దగ్గర వరదకు పట్టా కింది కట్ట కొట్టుకుపోయింది. డెల్టా ప్యాసింజర్ వచ్చి పడిపోయింది. వందమందికి పైగా మౌత్ అయ్యారు. పట్టా కింద మట్టి లేదన్న ఖబర్ ఏ సిగ్నల్‌కూ తెలీదు. అది తెలిసేది లాంతరు పట్టుకుని రాత్రిపూట పట్టా వెంబడి నడిచే గ్యాంగ్‌మన్‌కు, ఎగువన చెరువు తెగిందని చూసిన ఊరి మనిషికి.

స్టేషన్లలో డేటా లాగర్ అని ఒక పెట్టె ఉంటుంది. ఏ రిలే ఎప్పుడు కదిలింది, ఏ బటన్ ఎప్పుడు నొక్కారు, అన్నీ టైముతో సహా రాసుకుంటుంది. హాద్సా తర్వాత విచారణలో దాని గవాహీ చాలా ముఖ్యం. ఆ పెట్టె గురించి చదివినప్పుడు నాకు కిరామన్ కాతిబీన్ యాదికొచ్చారు. మన భుజాల మీద కూర్చుని అన్నీ రాసే ఫరిష్తాలు. రాసేవాడు ఉన్నాడన్న యకీన్ మనిషిని సీదాగా నడిపించాలి. అట్లాగే తీగ కలిపే టెక్నీషియన్, ఆ పనిని చెక్ చేసి సంతకం పెట్టే ఆఫీసరు, తమ చేతిలో ఉన్నది అమానత్ అని నమ్మితేనే ఆ పెట్టెకు, ఈ కవచ్‌కు మానీ ఉంటుంది. 1874లో స్టేషన్ మాస్టర్ రిజిస్టర్‌లో రాసిన టైము ఎంత అమానతో, ఇవాళ్టి వైరింగ్ నక్షా అంతే అమానత్.

లిస్టులో లేని ముసాఫిర్

ఇప్పుడు మూడో సవాలు. ఈ డేటాలో మనం ఉన్నామా?

రిజర్వేషన్ ఉన్నవాడి పేరు, వయసు చార్టులో ఉంటాయి. వికారాబాద్, తాండూరు నుంచి రోజూ లింగంపల్లి, హైదరాబాద్ పనికి పోయే పాలిష్ మేస్త్రీ, సెంట్రింగ్ పిల్లగాడు, కంది బస్తాల హమాలీ, ఉస్మానియా దవాఖానాకు పోయే నానీ ఎక్కేది జనరల్ డబ్బాలో. బండి ఎక్కడుందో ఉపగ్రహానికి తెలుసు. ఆ డబ్బాలో ఎవరున్నారో ఎవరికీ తెలీదు. బాలాసోర్‌లో జనరల్ డబ్బాల్లో పోయిన చాలామంది పేర్లు ఏ చార్టులోనూ లేవు. డీఎన్‌ఏ పరీక్షలు చేసినా ఎవరూ రాని 28 మయ్యత్‌లకు భువనేశ్వర్‌లో నాలుగు నెలల తర్వాత, అక్టోబరులో, దహనం చేశారు. వాళ్లు ఎవరి అబ్బాలో, ఎవరి బేటాలో, ఏ ఇంటివాళ్లు ఇంకా ఇంతెజార్ చేస్తున్నారో.

అందుకే ఈ తారీఖ్ చదివిన ప్రతి ఇంటికీ కొన్ని పనికొచ్చే మాటలు చెబుతాను. ఇంటర్నెట్‌లో రిజర్వేషన్ చేసుకునేటప్పుడు కొన్ని పైసలకే వచ్చే ఇన్సూరెన్స్ కన్ఫర్మ్, ఆర్‌ఏసీ ఈ-టికెట్లకే ఉంటుంది. కౌంటర్ టికెట్‌కు, జనరల్ టికెట్‌కు ఉండదు. అట్లా అని జనరల్ ముసాఫిర్‌కు హక్కు లేదనుకోవద్దు. రైల్వే చట్టం ప్రకారం ప్రమాదంలో చనిపోయిన సరైన ముసాఫిర్ ఎవరికైనా, ఏ డబ్బాలో ఉన్నా, రైల్వే నష్టపరిహారం ఇవ్వాలి. 2017 జనవరి 1 నుంచి మౌత్‌కు అది 8 లక్షలు. దావా వెయ్యాల్సింది రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో. దాని బెంచి సికింద్రాబాద్‌లో ఉంది. మయ్యత్ దగ్గర టికెట్ దొరకనంత మాత్రాన దావా చెల్లదని అనలేరని సుప్రీంకోర్టు 2018లో రీనా దేవి కేసులో చెప్పింది. ఇంటివాళ్లు అఫిడవిట్‌తో జరిగింది చెబితే, తర్వాత అది తప్పని నిరూపించే జిమ్మేదారీ రైల్వే మీద పడుతుంది. అయినా టికెట్ తప్పక తీసుకోండి, దిగేదాకా జేబులో ఉంచండి. ఫోను యాప్‌లో తీసుకుంటే మీ నంబరు మీద ఒక సబూత్ కూడా మిగులుతుంది. ఏ బండి ఎక్కారో ఇంట్లో ఒకరికి చెప్పండి. మన ఇళ్లల్లో గడప దాటేటప్పుడు ఎక్కడికి, ఎప్పుడొస్తావ్ అని అడిగే పాత ఆదత్ ఉంది. పిల్లలు దానికి చిరాకు పడతారు. జనరల్ డబ్బా ముసాఫిర్‌కు ఉన్న ఒకే ఒక్క చార్టు అది.

చదువుకునే పిల్లలకు ఇంకో మాట. ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ డిప్లొమా, బీటెక్ చేసి ఏ దేశం పోదామా అని చూస్తున్న నౌజవాన్లు మన కౌమ్‌లో చాలామంది ఉన్నారు. సిగ్నల్ విద్య మన పక్క ఊళ్లోనే ఉంది. కవచ్ తయారయ్యేదీ మన దగ్గరే. వికారాబాద్ పట్టాల మీద పరీక్ష పాసైన మెషీన్‌ను దేశమంతా బిగించడానికి ఇంకా వేల చేతులు కావాలి. ఆ చేతుల్లో మన పిల్లలవి కూడా ఉండాలని, రైల్వే సిగ్నల్ శాఖ నోటిఫికేషన్లు వచ్చినప్పుడు మస్జిద్ నోటీసు బోర్డు మీద ఒక కాపీ అంటించాలని నా దరఖాస్తు.

1883లో ముల్లా అబ్దుల్ ఖయ్యూం, అఘోరనాథ్ అడిగిన సవాలు ఇవాళ మనం కూడా అడగొచ్చు. మా లైను మీద నడిచే ఇంజన్లలో ఎన్నింటికి కవచ్ ఉంది? తాండూరు ప్యాసింజర్‌కు ఉందా? వరద కాలంలో మా కట్టలను చూసే గ్యాంగ్‌మన్‌లు సరిపోను ఉన్నారా? ఇవి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తుతో అడగగలిగే మాటలు. అఘోరనాథ్‌ను రియాసత్ నుంచి పంపేశారు. మనకు మాత్రం జవాబు ఇవ్వాలని కానూన్ ఉంది. ఈ నెల మీ మొహల్లాలో నలుగురు కలిసి ఆ దరఖాస్తు వెయ్యండి. వచ్చిన జవాబు నాకు కూడా పంపండి, ఇన్షా అల్లాహ్ ఇక్కడే అందరి ముందు పెడతాను.

సఫర్‌లో ఉన్న ప్రతి ముసాఫిర్‌నూ, ఇంజన్‌లో మేలుకుని ఉన్న ప్రతి లోకో పైలట్‌నూ అల్లాహ్ తన హిఫాజత్‌లో ఉంచుగాక. ఆమీన్.

ఖుదా హాఫిజ్.